పైడిభీమవరం వలస కార్మికులకు సాయంకాలపు తరగతి: పలకా బలపం కాక ఇంకా ఏమేమి కావాలి?

రణస్థలం బడిపంతులు రాసినది:

సభ్యులందరికీ నమస్కారం. నేను రణస్థలం మండలంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. పైడిభీమవరం పారిశ్రామికవాడలోని మందుల కర్మాగారాల్లోనూ, చుట్టుపక్కల నిర్మాణ పనుల్లోనూ ఒడిశా, బీహార్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల నుంచి వచ్చినవారు పనిచేస్తున్న సంగతి జాతీయ రహదారి మీద ప్రయాణించే వారందరికీ తెలిసిందే. కొందరు ఒంటరిగా వచ్చి నలుగురైదుగురు కలిసి ఒక గదిలో సర్దుకుంటున్నారు. మరికొందరు భార్యాబిడ్డలతో వచ్చారు. ఆ పిల్లలు మా బడిలో చేరి కొద్ది నెలల్లోనే తెలుగు ధారాళంగా మాట్లాడుతున్నారు. వారిని చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులే, దరఖాస్తు మీద వేలిముద్ర వేస్తూ, పెద్దవాళ్లకు కూడా ఇక్కడ చదువు చెబుతారా అని అడిగారు.

ప్రధానోపాధ్యాయులు సాయంత్రం ఏడు గంటల నుంచి రెండు గదులు ఇవ్వడానికి అంగీకరించారు. బోధించడానికి నేనూ, ఇద్దరు సహోపాధ్యాయులూ సిద్ధంగా ఉన్నాము. కేంద్రం నడిపే వయోజన విద్యా పథకం ఉల్లాస్ కింద వాచకాలు దొరుకుతాయి. కనుక ఏమి చెప్పాలన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. వయోజన తరగతులు ఆర్భాటంగా మొదలై నెల తిరగకుండానే ఖాళీ అవడం మన జిల్లాలో చాలామంది చూశారు. అలా జరగకుండా ఉండాలంటే చదువుకు చుట్టూ ఏ ఏర్పాట్లు ఉండాలో అనుభవజ్ఞులు చెప్పాలని కోరుతున్నాను.

గంటస్తంభం (విజయనగరం) రాసినది:

మాస్టారూ, మీరు అడగవలసిన ప్రశ్నే అడిగారు. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నాటి నుంచి, తర్వాత వచ్చిన సాక్షర భారత్ పథకం ముగిసే దాకా వయోజన విద్యలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఆ ఉద్యమంలో మూడు వాచకాలు ఉండేవి, మూడూ పూర్తిచేసినవారిని అక్షరాస్యులుగా లెక్కించేవారు. మొదటి వాచకానికి వచ్చినవారిలో చాలామంది మూడో వాచకం నాటికి కనిపించేవారు కాదు. పై అధికారులు దానికి బోధకుణ్ణి తప్పుపట్టేవారు, బోధకుడు జనానికి శ్రద్ధ లేదనేవాడు. రెండూ సగం సగం నిజాలే. బడికి రాని మనిషి ఇంటికి వెళ్లి, ఎందుకు రాలేదమ్మా అని అడిగే మనిషిని మనం ఎక్కడా నియమించలేదు.

ఇప్పటి ఉల్లాస్ పథకం 2022 నుంచి 2027 వరకు నడిచేది, దానికి కేటాయించిన మొత్తం 1,037.90 కోట్ల రూపాయలు, పదిహేనేళ్లు దాటిన నిరక్షరాస్యులందరికీ వర్తిస్తుంది. కానీ అందులో బోధకుడు జీతం లేని స్వచ్ఛంద సేవకుడు. అతనే పాఠం చెప్పాలి, అతనే హాజరు చూడాలి, అతనే ఇంటింటికీ తిరగాలి అంటే ఎవరికి సాధ్యం? నా సలహా ఒక్కటే. బోధకులు ముగ్గురు ఉన్నారు కదా, వారిలో ఒకరిని పాఠం నుంచి పూర్తిగా తప్పించి, మిగిలిన పనులన్నీ చూసుకునే సమన్వయకర్తగా ఉంచండి. ఇద్దరు చెప్పి ఒకరు చూసుకునే తరగతి నిలుస్తుంది. ముగ్గురూ చెప్పి ఎవరూ చూసుకోని తరగతి నిలవదు.

షిఫ్టు బాధ్యుడు (చీపురుపల్లి) రాసినది:

నేను పారిశ్రామికవాడలో ఉత్పత్తి విభాగంలో పనిచేస్తున్నాను, సంస్థ పేరు చెప్పను. సాయంత్రం ఏడు గంటలకు తరగతి అనగానే ఒక చిక్కు కనబడింది. చాలా కర్మాగారాల్లో షిఫ్టులు ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది గంటలకు మారతాయి, మనుషులు వారం వారం ఒక షిఫ్టు నుంచి మరొక షిఫ్టుకు తిరుగుతూ ఉంటారు. రెండు గంటల షిఫ్టులో ఉన్నవాడు ఆ వారమంతా మీ తరగతికి రాలేడు. రాత్రి పది గంటల షిఫ్టుకు వెళ్లవలసినవాడు ఏడింటికి నిద్రలో ఉంటాడు, లేకపోతే వంట చేసుకుంటూ ఉంటాడు. ఉన్న మూడు వారాల్లో నిశ్చింతగా రాగలిగేది ఒక్క వారమే. తిరిగి వచ్చేసరికి పాఠం ముందుకు పోయి ఉంటుంది, పక్కవాడు చదువుతుంటే తాను చదవలేక సిగ్గుపడి మానేస్తాడు. దీనికి శ్రద్ధ లేదని పేరు పెట్టడం అన్యాయం.

కాబట్టి ఒకే పాఠాన్ని రోజుకు రెండు పూటలు చెప్పే ఏర్పాటు చేయండి. ఉదయం పూట బడి గదులు దొరకవు కనుక పంచాయతీ వారి సామాజిక భవనం అడగవచ్చు. రెండోది, పాఠాలను ఒకదాని మీద మరొకటి ఆధారపడే వరుసగా కాకుండా, ఏ వారానికి ఆ వారం పూర్తయ్యే అంశాలుగా విడగొట్టండి. జీతం చీటీ ఒక వారం, మందు సీసా మీది సూచనలు ఒక వారం, బ్యాంకు కాగితం ఒక వారం. ఎప్పుడు వచ్చినా ఏదో ఒకటి పూర్తిగా నేర్చుకుని వెళతాడు.

మరొక విషయం. రసాయనాల డ్రమ్ముల మీద ఎర్ర అంచు గల వజ్రాకారపు గుర్తులు ఉంటాయి: మంట, పుర్రె, చర్మాన్ని తినే ద్రవం, పీడనంలో ఉన్న వాయువు. ఈ గుర్తులు చాలా దేశాల్లో ఒకటే. అక్షరాలు రాకముందే వీటిని మొదటి వారంలోనే నేర్పండి. యాజమాన్యాల సహకారం అడగడానికి కూడా అదే సరైన దారి, భద్రతకు పనికివచ్చే తరగతి అంటే కాదనేవారు తక్కువ.

ఎచ్చెర్ల కుర్రవాడు రాసినది:

పెద్దలు క్షమించాలి, ఒక మాట అడుగుతాను. మన జిల్లాలోనే చదువురానివారు ఎందరో ఉన్నారు. మన కుర్రవాళ్లకు ఆ కర్మాగారాల్లో ఉద్యోగాలు దొరకడం లేదని ఊళ్లలో ఆగ్రహం ఉంది. బయటి నుంచి వచ్చినవారికి మన బడిలో, మన ఉపాధ్యాయులతో, ఇన్ని సౌకర్యాలు ఎందుకని ఊరివాళ్లు అడిగితే ఏమి చెబుతారు? నేను వ్యతిరేకిని కాను, కానీ ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

గంటస్తంభం రాసినది:

తమ్ముడూ, అడిగి మంచి పని చేశావు, రేపు పంచాయతీలో అడగబోయేదే ఇక్కడ అడిగావు. తలుపు ఊరివాళ్లకూ తెరిచే ఉండాలి, అది మొదటి సమాధానం. పేరు వలస తరగతి అని పెట్టకండి, పెద్దల తరగతి అంటే చాలు.

రెండో సమాధానం మన చరిత్రలోనే ఉంది. ఈ తీరం నుంచి మనవాళ్లు రంగూన్ రేవుకు మూటలు మోయడానికి వెళ్లారు, 1930లో అక్కడ జరిగిన అల్లర్లలో దెబ్బలు తిన్నది తెలుగు రేవు కూలీలే. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు ఎందుకు వినబడుతుందో అందరికీ తెలుసు. మన మత్స్యకారులు ఈనాటికీ గుజరాత్‌లోని వీరావల్‌కు పోయి పడవలెక్కుతున్నారు. 2018 చివర పాకిస్తాన్ అధికారుల చేతికి చిక్కి, 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి తిరిగి వచ్చినవారు అలా వెళ్లినవారే. గుజరాతీ చదవడం రాని మన మనిషికి అక్కడి యజమాని లెక్క ఎలా చెబితే అలాగే నమ్మాలి. ఇక్కడికి వచ్చిన ఒడియా మనిషి పరిస్థితీ అదే.

ఇచ్ఛాపురం టీచరమ్మ రాసినది:

నేను ఒడియా, తెలుగు రెండూ మాతృభాషలుగా పెరిగినదాన్ని. మా వైపు ఇచ్ఛాపురం, కంచిలి, మందస, సోంపేట ప్రాంతాల్లో ఒడియా మాధ్యమ పాఠశాలలు ఉన్నాయి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు సరిహద్దు గీత ఇలా పడిందే కాని, గీతకు రెండు వైపులా రెండు భాషలూ మిగిలాయి. కనుక ఏ భాషలో చెప్పాలన్న ప్రశ్నను మాస్టారు పక్కన పెట్టినందుకు నాకు కొంచెం ఆశ్చర్యంగా ఉంది.

ఉల్లాస్ వాచకం తెలుగులో ఉంటుంది. తెలుగు మాట్లాడే నిరక్షరాస్యుడికి అది చాలు, తనకు తెలిసిన మాటకే అక్షరం నేర్చుకుంటాడు. కానీ పశ్చిమ ఒడిశాలోని బొలంగీర్ నుంచి వచ్చిన మనిషికి మాటా కొత్తదే, అక్షరమూ కొత్తదే. రెండూ ఒకేసారి తల మీద పెడితే మోయలేడు. మొదట మూడు గుంపులుగా విడదీయాలి. తన భాషలో చదవడం వచ్చి తెలుగు మాత్రమే రానివారు ఒక గుంపు, వీరికి మాట్లాడే తెలుగు, ఆ తర్వాత లిపి చెబితే త్వరగా అందుకుంటారు. ఏ భాషలోనూ చదవడం రానివారు రెండో గుంపు, వీరికి మాట్లాడే తెలుగు నోటితోనే నేర్పి, చదువు మాత్రం వీలైతే వారి భాషలో చెప్పాలి. తెలుగువారు మూడో గుంపు. చేరిన రోజున ఒక చిన్న ముఖాముఖి పెట్టుకుంటే ఎవరు ఏ గుంపో తెలిసిపోతుంది. దాన్ని పరీక్ష అని మాత్రం అనకండి.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజనులకు చదువు చెప్పాలనుకున్నప్పుడు మొదట తాము సవర భాష నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. మన నేల మీద జరిగిన పనే కదా. మీ ముగ్గురిలో ఒకరికైనా పనికివచ్చేటంత ఒడియా రావాలి. నేర్చుకుంటామంటే ఫోనులో నేను చెబుతాను.

షిఫ్టు బాధ్యుడు రాసినది:

అమ్మా, ఒక చిన్న సవరణ. మా దగ్గర బీహార్, జార్ఖండ్ వారూ బెంగాలీలూ తమలో తాము హిందీలో మాట్లాడుకుంటారు, ఒడియావారిలో చాలామంది కూడా హిందీ అర్థం చేసుకుంటారు. నాలుగు భాషల్లో చదువు చెప్పడం ఒక బడికి అసాధ్యం. హిందీ, ఒడియా రెంటితో మొదలుపెడితే మేలు.

ఇచ్ఛాపురం టీచరమ్మ రాసినది:

మగవారి విషయంలో మీరు చెప్పినది సరే. ఇంటిపట్టున ఉండే ఆడవారికి హిందీ కూడా రాదు. వారిని లెక్కలోకి తీసుకోకపోతే తరగతి మగవారిదైపోతుంది.

పలాస ఏఎన్ఎం రాసినది:

ఇప్పటివరకు ఎవరూ కళ్ల మాట ఎత్తలేదు. నలభై ఏళ్లు దాటిన తర్వాత దగ్గరి చూపు తగ్గడం అందరికీ సహజం. చదువురాని మనిషికి ఆ సంగతి తెలియదు, ఎందుకంటే అక్షరం చూడవలసిన అవసరం అతనికి అంతకుముందు రాలేదు. పుస్తకం ఇవ్వగానే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనబడితే, తనకు చదువు ఎక్కదని తీర్మానించుకుంటాడు. జీడిపప్పు బట్టీల్లో పనిచేసే ఆడవారిలో ఇలా అనుకుని మానేసినవారిని నేను చూశాను. ఒక జత కళ్లజోడు పెట్టగానే వారిలో ఒకామె తన పేరు తాను చదివింది. తరగతి మొదలయ్యే ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వారితో మాట్లాడి, అందరికీ కంటి పరీక్ష ఒకసారి పెట్టించండి. మిగిలిన ఏర్పాట్లన్నిటికంటే ఇది చౌక, ఫలితం వెంటనే కనబడుతుంది.

ఇక పసిపిల్లల సంగతి. తల్లి చదువుకోవాలంటే చంటిబిడ్డను ఎవరు పట్టుకుంటారు? అంగన్‌వాడీ సాయంత్రం ఉండదు. ముప్పై మందికి మించి స్త్రీలు పనిచేసే కర్మాగారంలో ఆరేళ్ల లోపు పిల్లల కోసం గది ఉండాలని 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పేది, కానీ అది పనివేళల కోసం, తరగతి కోసం కాదు. తరగతి పక్కగదిలో చాప పరిచి, నాలుగు ఆటవస్తువులు పెట్టి, స్వయం సహాయక సంఘం నుంచి ఒక అమ్మను కూర్చోబెట్టండి, ఆమెకు ఎంతో కొంత ఇవ్వండి. ఉచితంగా చేయమంటే నాలుగు రోజులు చేసి మానేస్తుంది, ఆమెను అనడానికి లేదు.

ఆ కుటుంబాలు అంగన్‌వాడీకి పోవచ్చని, వేరే రాష్ట్రపు రేషన్ కార్డు మీద ఇక్కడ కూడా బియ్యం తీసుకోవచ్చని చాలామందికి తెలియదు. ఒకే దేశం ఒకే రేషన్ ఏర్పాటులో దేశంలోని రాష్ట్రాలన్నీ చేరాయి. ఇలాంటివి చెప్పే మనిషి మీ బడిలో ఉన్నాడని తెలిస్తే, ఆ కబురే జనాన్ని తీసుకొస్తుంది.

ఆమదాలవలస ఆడపడుచు (ప్రస్తుతం కాలిఫోర్నియా) రాసినది:

ఈ చర్చ చదువుతుంటే నేనూ అటువంటి విద్యార్థినినేనని చెప్పాలనిపించింది. పెళ్లయి అమెరికా వచ్చిన కొత్తలో, చేతిలో డిగ్రీ ఉండీ, దుకాణంలో ఎదుటివారి మాట అర్థం కాక నిలబడిపోయేదాన్ని. భర్త వీసా మీద ఆధారపడిన నా వీసాతో అప్పట్లో ఉద్యోగం చేసే వీలు లేకపోయింది. ఇక్కడ స్థానిక విద్యామండళ్లు వయోజనుల బడులు నడుపుతాయి, వలస వచ్చినవారికి అందులో ఇంగ్లీషు చెబుతారు. నేను చేరిన బడిలో రుసుము లేదు. దేశం మొత్తం మీద ఇటువంటి తరగతులకు కేంద్రం డబ్బు 2014లో వచ్చిన శ్రామికశక్తి చట్టంలోని రెండో భాగం కింద అందుతుంది, కాలిఫోర్నియా రాష్ట్రం తన సొంత నిధులు కూడా చేరుస్తుంది.

అక్కడ పాఠం చెప్పిన ఉపాధ్యాయురాలి కంటే నాకు ఎక్కువ ఉపకరించినది ముందు గదిలో కూర్చునే సలహాదారు. చేరిన రోజున ఆవిడ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నావు, ఏ వేళల్లో రాగలవు, పిల్లలున్నారా, వాహనం ఉందా అని అడిగారు. ఆ తర్వాతే చదవడంలోనూ వినడంలోనూ స్థాయిని చూసే పరీక్ష పెట్టి ఏ తరగతిలో కూర్చోవాలో చెప్పారు. ఏ నెలలోనైనా చేరవచ్చు. కొన్ని వారాలు రాకపోతే ఫోను చేసేవారు. పాఠాలు కూడా వైద్యుడి దగ్గర మాట్లాడడం, బడి నుంచి వచ్చిన ఉత్తరం చదవడం, గ్రంథాలయం కార్డు తీసుకోవడం చుట్టూ అల్లి ఉండేవి. నాతోపాటు మెక్సికో నుంచి వచ్చిన ఒక వంటమనిషి, వియత్నాం నుంచి వచ్చిన ఒక ముసలాయన, ఇథియోపియా అమ్మాయి ఒకతె ఉండేవారు. పై చదువుకు వెళ్లదలచినవారిని కమ్యూనిటీ కళాశాల దాకా దగ్గరుండి పంపేవారు.

అక్కడి డబ్బు, అక్కడి సిబ్బంది మనకు లేవని నాకు తెలుసు. కానీ ఆ నాలుగు ప్రశ్నలు అడగడానికి డబ్బు అవసరం లేదు. గంటస్తంభం మాస్టారు చెప్పిన సమన్వయకర్త చేయవలసిన మొదటి పని అదేనని నా ఉద్దేశం.

గంటస్తంభం రాసినది:

అమ్మాయి చెప్పిన చివరి మాట, పై చదువు సంగతి, ఇక్కడ కూడా సాధ్యమే. ఉల్లాస్ ముగింపులో ఉండే పరీక్ష 150 మార్కులకు, చదవడం, రాయడం, లెక్కలు ఒక్కొక్కటి 50. నెగ్గినవారికి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్ఐఓఎస్) ధ్రువపత్రం ఇస్తుంది. అదే సంస్థలో పదో తరగతికి ఒడియా, బెంగాలీ, హిందీ, తెలుగు మాధ్యమాలున్నాయి, చేరినవారికి ఐదేళ్ల గడువు ఉంటుంది, ఒక్కొక్క సబ్జెక్టు విడివిడిగా నెగ్గవచ్చు. మధ్యలో సొంతూరికి వెళ్లిపోయినా నష్టం లేదు. ఎనిమిదో తొమ్మిదో చదివి మానేసి వచ్చిన కుర్రవాళ్లు ఆ వాడలో తప్పక ఉంటారు, వారిని అక్షరాల తరగతిలో కూర్చోబెట్టకండి.

మా జిల్లా ఇటుక బట్టీల మాట ఒకటి చెప్పి ముగిస్తాను. పశ్చిమ ఒడిశా కుటుంబాలు పంటలయ్యాక వచ్చి వానలు పడే దాకా ఉంటాయి. ముందే బయానా తీసుకుంటారు, వెయ్యి ఇటుకలకు ఇంత అని కూలి కడతారు, ఆఖరున బయానా మినహాయించుకుని మిగిలినది ఇస్తారు. ఆ లెక్క పుస్తకం బట్టీ మేస్త్రీ దగ్గరే ఉంటుంది. మేము అక్కడ తరగతి పెట్టినప్పుడు అ ఆ ఇ ఈ లకు ఎవరూ రాలేదు. వేలల్లో కూడికలు, తీసివేతలు చెబుతామన్నాక వచ్చారు. ప్రతి కుటుంబం తనదిగా ఒక నోటు పుస్తకం పెట్టుకుని, రోజు వేసిన ఇటుకలను తానే రాసుకోవడం మొదలుపెట్టింది. మేస్త్రీకి అది నచ్చలేదు, అయినా పుస్తకాన్ని లాక్కోలేకపోయాడు.

షిఫ్టు బాధ్యుడు రాసినది:

బట్టీ మేస్త్రీ లెక్క ఎత్తారు కనుక మా దగ్గరి కాంట్రాక్టర్ల సంగతి చెబుతున్నాను. చాలామంది కార్మికులకు భవిష్యనిధి (పీఎఫ్) ఖాతా సంఖ్య ఉంటుంది, కానీ అది ఏమిటో తెలియదు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త ఖాతా తెరిచి పాతదాన్ని వదిలేసినవారూ ఉన్నారు. సమన్వయకర్త దగ్గర ప్రతివారికీ ఒక కాగితం ఉండాలి: ఆధార్, బ్యాంకు, భవిష్యనిధి, అసంఘటిత కార్మికుల కోసం 2021లో మొదలైన ఈ-శ్రమ్ నమోదు, వీటిలో ఏది ఉంది, ఏది లేదు అని. నకళ్లు మాత్రం బడిలో దాచవద్దు, అసలైనవి అసలే వద్దు. వారి కాగితాలు ఇతరుల చేతుల్లో ఉండడమే వారి పాత కష్టం.

తరగతిలో జీతం చీటీ పాఠం పెడితే కొందరు కాంట్రాక్టర్లకు కోపం రావచ్చు. అందువల్ల మొదటి నెలలో భద్రతా గుర్తులు, ఆసుపత్రి తెలుగు, బస్సు బోర్డులు చెప్పి, నమ్మకం కుదిరాక చీటీ దగ్గరికి రండి. పిరికితనం అనుకున్నా సరే, తరగతి నిలవాలి.

ఎచ్చెర్ల కుర్రవాడు రాసినది:

నా సందేహం చాలావరకు తీరింది. నాకు హిందీ వచ్చు, ఇంజనీరింగ్ పూర్తిచేసి ఖాళీగా ఉన్నాను. ఉదయం పూట తరగతికి మనిషి కావాలంటే నేను రాగలను. బస్సు ఖర్చు మాత్రం ఎవరైనా చూసుకోవాలి, నిజం చెబుతున్నాను.

రణస్థలం బడిపంతులు రాసినది:

అందరికీ కృతజ్ఞతలు. మీ సూచనలను సహోపాధ్యాయులతో చర్చించాను. ఇచ్ఛాపురం టీచరమ్మగారు అన్నట్టు భాషను పక్కన పెట్టి ప్రణాళిక వేయడం కుదరదని వారూ అన్నారు. మా ముగ్గురిలో ఆదివారాలు ఇంటింటికీ తిరిగే ఓపిక ఉన్న లెక్కల టీచరుగారు సమన్వయకర్తగా ఉంటారు, పాఠం చెప్పరు. ఆవిడే ఒడియా కూడా నేర్చుకుంటానన్నారు, టీచరమ్మగారికి ఈ ఆదివారమే ఫోను చేస్తారు. ఎచ్చెర్ల తమ్ముడి బస్సు ఖర్చు మేము ముగ్గురం భరిస్తాము. అతను ఉదయం సామాజిక భవనంలో, నేను సాయంత్రం బడిలో ఒకే పాఠం చెబుతాము. కంటి పరీక్షకు ఆరోగ్య కేంద్రంవారు ఒప్పుకున్నారు, కళ్లజోళ్ల ఖర్చుకు దాతను వెతుకుతున్నాము.

మిగిలినది ఆడవారి సంగతి. చీకటి పడ్డాక రహదారి దాటి బడికి రావడానికి వారు వెనకాడుతున్నారు, ఆ దారిలో లారీల రద్దీ నాకు తెలుసు. వారు ఉంటున్న వరుస ఇళ్ల యజమానిని మధ్యాహ్నం వేళ వరండా ఇమ్మని అడగాలనుకుంటున్నాను. ఆ వేళ చెప్పగలిగిన మహిళ ఎవరైనా రణస్థలం, లావేరు, పూసపాటిరేగ పరిసరాల్లో ఉంటే ఇక్కడ తెలియజేయగలరు.

పలాస ఏఎన్ఎం రాసినది:

పూసపాటిరేగలో నా శిక్షణ సహచరి ఉన్నది, బరంపురంలో పెరిగింది, ఒడియా బాగా వచ్చు. వారానికి మూడు మధ్యాహ్నాలు వీలవుతుందేమో అడిగి, రేపు సాయంత్రం లోగా మీకు విడిగా సందేశం పంపిస్తాను. వరండాలో ఫ్యానూ, తాగే నీరూ, మరుగుదొడ్డీ ఉన్నాయో లేదో ఈలోపు చూసి ఉంచండి, ఆవిడ మొదట అడిగేవి అవే.